వంటింటి గోడ భాష

పొద్దున్న ఆరింటికి మిల్లు సైరన్ కూసేది. అప్పటికే అమ్మ జుట్టు ముడేసుకుని, డబ్బా సంచిలో పెట్టుకుని, ఒక కాలికి చెప్పు తొడిగి రెండో చెప్పు కోసం మంచం కింద వెతుకుతూ ఉండేది. నాన్న లారీ ఇంకా ముందే వెళ్ళిపోయేది. నాలుగేళ్ళ చిన్ని వంటింటి గడప మీద కూర్చుని కళ్ళు నులుముకుంటుంటే, అమ్మ దాని నెత్తిన చెయ్యి వేసి, "పొయ్యి జోలికి వెళ్ళకు. ఎవరు పిలిచినా తలుపు దగ్గరికి పోకు. సాయంత్రం నేనొచ్చేదాకా గోడ దగ్గరే ఉండు," అని చెప్పి, బయట గొళ్ళెం పెట్టుకుని పోయేది.

మెట్ల మీద అమ్మ అడుగుల చప్పుడు ఆగిపోగానే గోడ మాట్లాడ్డం మొదలుపెట్టేది.

అది పొయ్యి వెనక గోడ. కుడివైపు మూలకి గోడలోకే కట్టిన చెక్క అలమార ఒకటి ఉండేది. దాని తలుపు పక్కన, మనిషి నిలబడితే మెడ ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తు నుంచి వచ్చేది గొంతు. ఆడగొంతు, కాస్త బొంగురు. పని చేసుకుంటూ మాట్లాడే మనిషికి మధ్యమధ్య ఆయాసం వస్తుందే, అలాంటి ఆయాసం కూడా ఉండేది అందులో.

మూడో అంతస్తులో ఆ రెండు గదుల ఇల్లు వాళ్ళకి ఇచ్చిన మొదటి రోజే అమ్మ క్వార్టర్స్ గుమాస్తా దగ్గరికి వెళ్ళి, "వంటింటి గోడ మాట్లాడుతోందండీ," అని చెప్పింది. ఆయన తాళాల గుత్తిలోంచి తలెత్తకుండా, "ఆ ఇంట్లో అంతేనమ్మా. వానాకాలం కాస్త తగ్గుతుంది. మరీ చికాకుగా ఉంటే సున్నం కొట్టించుకోండి," అన్నాడు. కాసేపాగి, "పై వాటాలో కప్పు కారుతోంది. దానికంటే ఇది నయం," అని కూడా అన్నాడు. అమ్మకీ అది సబబుగానే తోచింది.

గోడ మాట్లాడేది వాళ్ళ భాష కాదు. అంతకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ భాష. ఆ వరసలో ముప్ఫై ఇళ్ళలో అలాంటివాళ్ళే ఉండేవారట. వాళ్ళ ప్రస్తావన తప్పనిసరై వస్తే ఊళ్ళో అందరూ "వెళ్ళిపోయినవాళ్ళు" అనేవారు, ఏదో వాళ్ళంతట వాళ్ళే మూటలు కట్టుకుని బయల్దేరినట్టు.

చిన్నికి ఇవేవీ తెలియవు. దానికి తెలిసిందల్లా పొద్దంతా ఇంట్లో తనూ, ఒక గొంతూ. మొదట్లో ఆ మాటలు ఒకదానికొకటి అంటుకుపోయి గలగలమని వినపడేవి. ఒకరోజు ఊరికే ఉల్లిపాయ ఎత్తి గోడకి చూపించింది. గోడ ఒక మాట అంది. బంగాళాదుంప చూపించింది. గోడ ఇంకో మాట అంది. ఇక ఇల్లంతా తెచ్చి చూపించింది: చీపురు, గరిట, నాన్న బనీను, విరిగిన దువ్వెన. దువ్వెన పేరు చెప్పి గోడ నవ్వింది కూడా. వేసవి వెళ్ళేసరికి గోడ ఏమంటోందో పిల్లకి తెలిసిపోతోంది. పాలు వేడిగా ఉన్నాయి, ఊదుకుని తాగు. గోళ్ళు కొరక్కు. ఎండ కిటికీ దాటింది, ఇక్కడికి జరుగు.

ఆ భాషలో చిన్నికి అన్నిటికంటే విచిత్రంగా అనిపించింది ఒకటుంది. అందులో 'మనం' వేరు, 'మేము' వేరు కాదు. రెంటికీ ఒకటే మాట. ఎదురుగా ఉన్నవాళ్ళని పక్కకి నెట్టి 'మేము' అనుకోవడానికి వీలే లేదు. ఇలాగైతే దాగుడుమూతల్లో జట్లు ఎలా కడతారో పిల్లకి అర్థమయ్యేది కాదు.

ఆరో ఏట ఒకరోజు అడిగింది. "నీకు పిల్లలున్నారా?"

"ఒక ఆడపిల్ల."

"ఏది?"

"అలమారలో ఉంది. గట్టిగా మాట్లాడకు. గంటలో వచ్చేస్తానని చెప్పాను, అప్పటిదాకా నోరు విప్పొద్దన్నాను," అంది గోడ.

చిన్ని అలమార తీసి చూసింది. పిండి డబ్బా, ఉప్పు సీసా, అగ్గిపెట్టెలు. పిండి డబ్బా పక్కకి జరిపితే అడుగు అర చెక్క మీద సన్నని గీతలు కనిపించాయి, ఎవరో గోళ్ళతో గీకినట్టు. తన వేళ్ళు వాటి మీద పెట్టి చూసుకుంది. ఆ గీతల కంటే తన వేళ్ళే కాస్త లావు. డబ్బా మళ్ళీ చోట్లో పెట్టేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడే అమ్మ ఒక మధ్యాహ్నం మిల్లులో మిషన్ ఆగిపోయిందని ముందుగా ఇంటికొచ్చింది. గొళ్ళెం తీసేసరికి వంటింట్లోంచి నవ్వులు. చిన్ని నేల మీద బోర్లా పడుకుని, కాళ్ళు ఆడిస్తూ, గోడతో ఏదో అంటూ పగలబడి నవ్వుతోంది. అమ్మ గడపలో నిలబడి చాలాసేపు చూసింది. కూతురు తల తిప్పలేదు.

ఆ ఆదివారం అమ్మ బకెట్టులో సున్నం కలిపి, తనే కుంచె పట్టుకుని రెండు పూతలు కొట్టింది. గొంతు ఆగిపోయింది.

చిన్ని ఏడవలేదు, మారాం చెయ్యలేదు. మాట్లాడ్డం మానేసింది, అంతే. ఆ భాషలోనూ మాట్లాడలేదు, అమ్మ భాషలోనూ మాట్లాడలేదు. పెట్టింది తినేది, పడుకోమంటే పడుకునేది. తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. పదో రోజు సాయంత్రం అమ్మ పనినుంచి వచ్చి, జుట్టులో దూది పీచులు కూడా దులుపుకోకుండా, కూరగాయల కత్తి తీసుకుని గోడ గీకడం మొదలుపెట్టింది. సున్నం పెళ్ళలు పెళ్ళలుగా పొయ్యి మీద రాలింది.

"రోజంతా మిల్లులో నేను చస్తుంటే, నా పిల్లని నువ్వు పెంచుకుంటావా," అంటూ గీకింది. "సరే. పగలు నువ్వు చూసుకో. సాయంత్రం నుంచి నాది. విన్నావా?"

గోడకి అమ్మ భాష రాదు. అయినా సున్నం రాలిన చోటి నుంచి మెల్లిగా ఏదో అంది. చిన్ని పది రోజుల తరవాత మొదటిసారి నోరు తెరిచి, "సరేనంటోందమ్మా," అంది. నిజానికి గోడ అన్నది, 'ఆ పిల్ల చిక్కిపోయింది' అని. ఏం చెబితే ఇద్దరికీ బాగుంటుందో ఆరేళ్ళకే దానికి తెలిసిపోయింది.

బడిలో రెండు భాషలూ కలిసిపోయి, పలక మీద ఒకటి రాయబోయి ఇంకోటి రాసి, మొదటి రెండేళ్ళూ బెత్తం దెబ్బలు తింది. తరవాత టీచరమ్మే అమ్మని పిలిచి, "మీ పిల్లకి తొందర లేదండీ. ఏ లెక్కయినా ముందు ఇటునుంచి చూస్తుంది, తరవాత అటునుంచి చూస్తుంది. మిగతావాళ్ళు తప్పు చేసేసి కూర్చుంటారు," అంది. ఒక వస్తువు వేరు, దాని పేరు వేరు అని చిన్నికి ఎవరూ చెప్పక్కర్లేదు. పేరు మారితే వస్తువు ఇంకోవైపు నుంచి కనపడుతుందని కూడా దానికి తెలుసు.

ఇంట్లో అది ఇంకోలా పనికొచ్చింది. నాన్న కొన్ని సాయంత్రాలు తాగొచ్చేవాడు. వంటింట్లో ఎప్పుడూ అడుగు పెట్టేవాడు కాదు. ముందు గదిలోనే తిని, అక్కడే పడుకునేవాడు. తాగినప్పుడు మటుకు గుమ్మంలో నిలబడి లోపలికి అరిచేవాడు. ఆ మాటలు అమ్మ మీద పడితే అమ్మ ముడుచుకుపోయేది. చిన్ని మాత్రం రెండో భాషలోకి వెళ్ళి నిలబడేది. అక్కడి నుంచి వింటే నాన్న మాటలకి అర్థాలు ఊడిపోయి ఉత్త చప్పుడు మిగిలేది. అప్పుడు ఆయన చేతులు వణకడం కనిపించేది. ఈయన మమ్మల్ని తిట్టడం లేదు, దేనికో భయపడుతున్నాడు అని పిల్లకి అనిపించేది.

చిన్నికి పదకొండో ఏడు వచ్చేసరికి అమ్మ ఊపిరితిత్తుల నిండా దూది చేరింది. మిల్లు డాక్టరు చెయ్యగలిగిందేమీ లేదన్నాడు. వెచ్చగా ఉంటుందని అమ్మ మంచం వంటింట్లో వేశారు. ఎన్నేళ్ళుగానో ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరాడవాళ్ళు మొదటిసారి రోజంతా కలిసి గడిపారు.

"ఏమంటోందే అది?" అని అడిగేది అమ్మ.

"వాన వచ్చేలా ఉంది, బట్టలు తియ్యమంటోంది."

"దానికి బాగా తెలుసు. మీ నాన్నకి తెలీదు." దగ్గి, ఊపిరి పీల్చుకుని, "ఒక మాట అడుగు. నేను పోయాక నీకు జడ ఎవరు వేస్తారని అడుగు," అంది.

చిన్ని అడిగింది. గోడ చెప్పింది. చిన్ని అమ్మ వైపు తిరిగి, "తనకి చేతుల్లేవుట. ఎలా వేసుకోవాలో చెప్తానంటోంది," అంది.

అమ్మ తలూపింది. ఆ వారంలోనే పోయింది. చిన్ని ముందు గదిలో నలుగురి మధ్యా ఒక భాషలో ఏడ్చింది. అది అయిపోయిందనుకుని వంటింట్లోకి వెళితే రెండో భాషలో ఏడుపు ఇంకా అలాగే ఉంది. ఏడవడానికి రెండు చోట్లున్నందుకే బతికి బయటపడ్డానని పెద్దయ్యాక అనుకునేది.

పదమూడో ఏట ఒక పొద్దున్న నాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. బుగ్గ సాగదీసి, ధ్యాస ఎక్కడో పెట్టి, పాటలా ఏదో గొణుక్కుంటున్నాడు. ఆయనకి అవి వట్టి శబ్దాలు, ఒకదాని తరవాత ఒకటి, మళ్ళీ మొదటికి. పీట మీద కూర్చుని పుస్తకాలు సర్దుకుంటున్న చిన్ని చేతులు ఆగిపోయాయి. నాన్న నోటినుంచి వస్తున్నది గోడ భాష.

"నాన్నా, ఆ మాట ఎక్కడిది?"

ఆయన అద్దంలోంచే కూతుర్ని చూశాడు. కత్తి కడుక్కున్నాడు. ఎన్నాళ్ళుగానో ఎవరో ఒకరు అడగాలని కాచుకున్నట్టు వెంటనే చెప్పాడు.

"వాళ్ళని పంపించేసిన రోజు మిల్లు లారీలన్నీ రమ్మన్నారు. నేనూ వెళ్ళాను. కాగితాల తనిఖీ, గంటలో మళ్ళీ దింపేస్తాం అని చెప్పి ఎక్కించారు. వంతెన దాటేదాకా బండి వెనక ఎవరూ కిక్కురుమనలేదు. వంతెన దాటగానే ఒకావిడ నా క్యాబిన్ రేకు మీద కొట్టడం మొదలుపెట్టింది. మూడు గంటలు కొట్టింది. ఒకటే మాట. నా వీపుకి జానెడు దూరంలో." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ ఖాళీ అయిన ఇళ్ళే తరవాత మాకిచ్చారు. నీకా భాష వచ్చుగా. ఏమిటి దాని అర్థం?"

దాని అర్థం, 'అలమారలో పిల్ల ఉంది, వెనక్కి తిప్పు' అని.

చిన్నికి అప్పుడు రెండు సగాలూ ఒకచోట అతుక్కున్నాయి. గంటలో వచ్చేస్తానన్న మాట గోడకి తెలుసు. తిరిగి రాలేనని తెలిశాక ఆవిడ ఏమందో నాన్న చెవులకి తెలుసు. రెండూ తెలిసింది లోకంలో తనొక్కతికే. ఆయన కళ్ళలోకి చూసింది. తల్లి పోయిన ఇంట్లో ఆ తండ్రి ఒక్కడే ఉన్నాడు.

"మెల్లగా నడపమంటోంది," అంది.

నాన్న ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. "నేను మెల్లగానే నడిపాను," అన్నాడు. ఆ రోజునుంచీ తాగడం తగ్గించాడు.

ఆ అబద్ధం చిన్ని గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. కాలం గడిచి ప్రభుత్వం మారింది. వెళ్ళిపోయినవాళ్ళలో మిగిలినవాళ్ళు ఒకరొకరే ఊళ్ళోకి రావడం మొదలుపెట్టారు, ఎక్కువగా ముసలివాళ్ళు, జబ్బులతో. పెద్దాసుపత్రిలో దుబాసీ కావాలన్నారు. పుస్తకాల్లో నేర్చుకున్నవాళ్ళు నలుగురు వచ్చారు గానీ, "మనకి ఆపరేషన్ అంటే భయం" అని రోగి అంటే, "మాకు భయం" అని డాక్టరుకి చెప్పేవారు. డాక్టరు విసుక్కునేవాడు. చిన్ని "మనకి" అనే చెప్పేది. ఆ ఒక్క మాటతో డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కునేవాడు. పిల్లలకి పాలు ఊదే గొంతుతో ఆమె మాట్లాడుతుంటే ముసలాళ్ళు మందు మింగేవారు. ఉద్యోగం ఆమెకే వచ్చింది. అందరూ దుబాసీ అనే పిలిచేవారు. ఎంత చేదు మాటైనా, ఎవరు ఎవరితో అన్నా, ఆమె ఒక్క అక్షరం మార్చేది కాదు. చచ్చిపోతానా అని అడిగితే, చచ్చిపోతావని డాక్టరంటే, అదే చెప్పి, తరవాత చెయ్యి పట్టుకుని కూర్చునేది. అబద్ధం ఒకసారి చెప్పేశాను, ఇక నా దగ్గర లేదు అనుకునేది.

ఆమెకి ముప్ఫై రెండేళ్ళొచ్చాయి. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. మిల్లు మూతపడి చాన్నాళ్ళయింది. క్వార్టర్స్ వరసలన్నీ పడగొడుతున్నామని గోడలకి నోటీసులు అంటించారు. వెళ్ళిపోయినవాళ్ళ తాలూకు ఎవరైనా ఉంటే పాత ఇళ్ళు వచ్చి చూసుకోవచ్చని అందులోనే ఒక మూల రాశారు.

పడగొట్టడానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా, మధ్యాహ్నం మూడింటికి ఎవరో తలుపు కొట్టారు. దుబాసీ తీసింది. తన ఈడుదే ఒక ఆడమనిషి, చంకలో మూడేళ్ళ ఆడపిల్ల. వచ్చినావిడ కుడిచేతి వేళ్ళ కొసలు సూదిపోట్లతో గరుకుగా ఉన్నాయి. దర్జీ షాపులో కాజాలు కుట్టే పనట. చేతిలో నోటీసు మడత.

"మూడో వరస, మూడో అంతస్తు, చివరిల్లు. ఇదేనాండీ?" అంది. ఆవిడ మాట్లాడింది ఈ ఊరి భాషే, వేరే భాష ఆనవాలు కూడా లేకుండా. "నేను ఇక్కడ దొరికానని అనాథాశ్రమం రికార్డులో ఉంది. ఒకసారి చూసి పోతాను. ఐదింటిలోగా ఇంకో చోటికి వెళ్ళాలి."

నాన్న ముందు గదిలో కిటికీ దగ్గర మంచం మీద ఉన్నాడు. పిల్లని దింపగానే అది నేరుగా ఆయన కళ్ళజోడు పెట్టె దగ్గరికి పోయింది. "ఉండనీండమ్మా, నేను చూస్తాను," అన్నాడాయన.

వంటింట్లో దుబాసీ పీట వేసింది. ఆవిడ కూర్చోలేదు. అలమార వైపు చూస్తూ నిలబడింది. "ఇందులోనేట. రెండు రోజుల తరవాత తాళం వెయ్యడానికొచ్చిన గుమాస్తా తీశాడుట. కన్నది ఇందులో పడేసి పోయిందని ఆశ్రమంలో అందరూ చెప్పేవారు. అలమార పిల్ల అని పిలిచేవారు." గొంతులో ఏడుపు లేదు, ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది. "నేనూ అంతే. మా ఆయన పోయాక, ఇది ఏడుస్తుంటే వినలేక, రెండుసార్లు బట్టల బీరువాలో పెట్టి తలుపేశాను. రెండోసారి తీసేసరికి ఏడుపు మానేసి ఉంది. అప్పుడు తెలిసింది. ఇది నా రక్తంలోనే ఉంది. అందుకే ఇవాళ దీన్ని ఆశ్రమంలో ఇచ్చేస్తున్నాను. కాగితం రాయించుకున్నాను. ఐదు దాటితే ఆఫీసు మూసేస్తారు."

అప్పుడు గోడ మాట్లాడింది.

ఇరవై ఎనిమిదేళ్ళలో దుబాసీ ఎన్నడూ వినని గొంతుతో మాట్లాడింది. వచ్చినావిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పెదాలు రెండూ బిగిసిపోయాయి, ఎవరో చెయ్యి పెట్టి మూసినట్టు. కాసేపటికి కష్టంగా నోరు విప్పి, "తిడుతోందా?" అంది.

"కాదు," అంది దుబాసీ. "ఉన్నదున్నట్టు చెప్పనా?"

"చెప్పండి."

"కింద లారీలొచ్చాయి. వాళ్ళ దగ్గర జాబితా ఉంది. అందులో నా పేరుంది, నీ పేరు లేదు. నువ్వు ఇంట్లోనే పుట్టావు, నిన్ను నేను ఎక్కడా రాయించలేదు. వాళ్ళకి నువ్వున్నట్టే తెలీదు. మాట్లాడకుండా కూర్చో. గంటలో వచ్చేస్తాను. వచ్చాక మనం పాలు తాగుదాం. అమ్మ బంగారం కదూ, అస్సలు ఏడవకు."

ఆవిడ గోడకేసి చూస్తూనే ఉంది. "గంటలో వస్తానని రాలేదుగా," అంది.

ముందు గదిలో కళ్ళజోడు పెట్టె మూత టక్కుమని పడుతోంది, లేస్తోంది. ఆ తలుపు దగ్గరికేసుకోవచ్చు. గొంతు తగ్గించుకోవచ్చు. దుబాసీ రెండూ చెయ్యలేదు.

"వంతెన దాటాక ఆవిడకి తెలిసింది. మూడు గంటలు క్యాబిన్ రేకు మీద కొట్టింది. అలమారలో పిల్ల ఉంది, వెనక్కి తిప్పు, అని అరుస్తూనే ఉంది. బండి నడిపేవాడికి ఆ భాష రాదు."

కళ్ళజోడు పెట్టె చప్పుడు ఆగిపోయింది.

తరవాత మంచం కిర్రుమంది. ఆ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో నాన్న మొదటిసారి వంటింటి గడప దాటాడు. చెయ్యి గోడకి ఆనించి నిలబడ్డాడు. కూతురి వైపు చూశాడు. "మెల్లగా నడపమని కాదా?" అన్నాడు.

"కాదు నాన్నా."

ఆయన గోడ మీంచి చెయ్యి తీశాడు. తరవాత వచ్చినావిడతో, "ఆ బండి నాదేనమ్మా. ఎక్కడ దింపానో నాకు తెలుసు. ఇటుకబట్టీలు దాటాక, తవ్విన చోటు. నేను బండి తిప్పుకుని వచ్చేశాను. చప్పుడు మాత్రం వినపడింది," అన్నాడు.

ఆవిడ ఆయన్ని తిట్టలేదు, మీద పడలేదు. క్షమించానని కూడా అనలేదు. "చూపిస్తారా?" అంది.

"చూపిస్తాను. ఎవరికి చెప్పమంటే వాళ్ళకి చెప్తాను."

గోడ ఇంకా అదే చెబుతోంది, మాట్లాడకు, గంటలో వస్తాను, మాట్లాడకు. వచ్చినావిడ దుబాసీ చెయ్యి పట్టుకుంది. "దానికి నేను కనపడ్డం లేదా? ఆ మాట ఆపమనండి."

"నేను చెబితే వినదండీ. నేను పాతికేళ్ళుగా చెబుతున్నాను, నీ పిల్లని ఎవరో తీసే ఉంటారని. మీరు చెప్పాలి." ఆ భాషలో నాలుగు మాటల వాక్యం ఒకటి నేర్పింది. ఆవిడ మొదటిసారి తడబడింది. రెండోసారి సగంలో ఆగిపోయింది. మూడోసారి అలమార తలుపు మీద అరచెయ్యి ఆనించి, వంకరటింకర ఉచ్చారణతో మొత్తం చెప్పింది. అమ్మా, నేను బయటికి వచ్చేశాను.

గోడ ఊరుకుంది. తరవాత చిన్న గొంతుతో ఏదో అడిగింది.

"ఏమంటోంది?"

"పాలు తాగావా అంటోంది," అంది దుబాసీ.

ఆవిడ అప్పుడు పీట మీద కూర్చుంది. కూర్చుని, తల మోకాళ్ళ మీద పెట్టుకుని, నోరంతా తెరిచి ఏడ్చింది. మూడేళ్ళ పిల్ల గడప దగ్గరికొచ్చి తల్లిని చూసి, తనూ ఏడుపు అందుకుంది. ఆ ఇంట్లో అంత పెద్ద ఏడుపు ఎప్పుడూ వినపడలేదు. దాన్ని ఎవరూ ఆపలేదు. దుబాసీ గ్లాసులో పాలు పోసి, ఊది, ఇద్దరి మధ్యా పెట్టింది. ఎదురుగా గోడ గడియారంలో ఐదయింది, ఐదుంపావు అయింది. ఆశ్రమం కాగితం ఆవిడ సంచిలోనే ఉండిపోయింది.

మర్నాడు నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, ఆవిడని ఇటుకబట్టీల అవతలికి తీసుకెళ్ళి చోటు చూపించాడు. అక్కడినుంచి ఒక్కడే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, తనతో పాటు ఆ రోజు బండ్లు నడిపినవాళ్ళ పేర్లు, ఎక్కించమన్నవాళ్ళ పేర్లు అన్నీ చెప్పాడు. ఆయన్ని ఇంటికి పంపలేదు. దుబాసీ వారానికోసారి జైలుకి వెళ్ళి చూసొచ్చేది. ఒకసారి ఆయన, "నాకప్పుడే నిజం చెప్పుంటే ఏం చేసేవాణ్ణో," అన్నాడు. ఆమె, "తెలీదు నాన్నా," అంది. ఇద్దరూ జాలీకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

మిగిలిన ఎనిమిది రోజులూ ఆవిడ పనికి పోతూ పిల్లని గోడ దగ్గర దింపి పోయేది. దుబాసీ సెలవు పెట్టి తోడుండేది. పిల్ల ఉల్లిపాయ ఎత్తి చూపిస్తే గోడ పేరు చెప్పేది. కాజాల సూది చూపిస్తే, దారపు ఉండ చూపిస్తే, తల్లి చెప్పు చూపిస్తే చెప్పేది. గొంతులో ఆయాసం తగ్గింది. తొమ్మిదో రోజు మనుషులు సుత్తులతో వచ్చి, మధ్యాహ్నానికల్లా మూడో వరస పడగొట్టారు. ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి.

ఆ వేళకి దుబాసీ, తల్లీ, పిల్లా ముగ్గురూ ఆసుపత్రి వెనక అద్దెకి తీసుకున్న ఇంట్లో ఉన్నారు. తల్లి పెరట్లో పీట వేసి పిల్లకి తలంటుతోంది. సబ్బు కళ్ళలో పడి పిల్ల గట్టిగా అరిచింది, ఒక మాట, ఆ కొత్త భాషలో, కొంచెం బొంగురుగా. తల్లికి ఆ మాట రాదు. లోపల దుబాసీ ఉంది, కేకేసి అడగొచ్చు. ఆవిడ అడగలేదు. చెంబు ముంచి, పిల్ల నుదుటికి తన అరచెయ్యి అడ్డం పెట్టి, మెల్లిగా నీళ్ళు పోసింది. పిల్ల మళ్ళీ అరిచింది. తల్లి మళ్ళీ పోసి, ఆ మాట ఒకసారి తన నోటితో పలికి చూసుకుంది.